ట్యునీషియాలో ఏర్పడని కోర్టు

మా బావ కువైట్‌లో పంతొమ్మిదేళ్ళు హౌస్ డ్రైవర్‌గా చేసి ఊరికి వచ్చేశాడు. పోయిన సంక్రాంతికి రాజంపేటలో ఇంటి ముందు మంచం వేసుకుని కూర్చుంటే మాటల్లో అరబ్బు దేశాల సంగతి వచ్చింది. "వాళ్ళకి ఓట్లు, పార్లమెంట్లు సరిపడవు బామ్మర్దీ. రాజు ఉండాల, భయం ఉండాల. కువైట్‌లో పార్లమెంటు మూసేసినాక చూడు, ఒక్క గొడవన్నా ఉందా?" అన్నాడు.

ఆ మాట మా బావ ఒక్కడిదే అయితే నేను ఇంత దూరం రాసేవాణ్ణి కాదు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్ళలో చాలామంది నోట ఇదే వింటాను. గల్ఫ్ వైపు ఎన్నడూ వెళ్ళని చదువుకున్నవాళ్ళు కూడా కొంచెం ఇంగ్లీషు కలిపి ఇదే చెబుతారు. 2011లో అంత పెద్ద తిరుగుబాట్లు వచ్చాయి కదా, చివరికి ఏం మిగిలింది? ఈజిప్టులో మళ్ళీ మిలిటరీ, లిబియా రెండు ముక్కలు, యెమెన్‌లో ఆకలి, సిరియాలో పదమూడేళ్ళ చావులు. కాబట్టి ఆ జనానికే ప్రజాస్వామ్యం అబ్బదు అని తేల్చేస్తారు. ఈ తీర్పు తప్పని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పడానికి కువైట్ మీదుగా ట్యునీషియా దాకా వెళ్ళాలి.

కువైట్‌లో నేనూ 2009 నుంచి 2014 దాకా ఒక కంపెనీలో అకౌంట్స్ చూశాను. 1962లో రాజ్యాంగం రాసుకుని 1963లో ఎన్నికలు జరుపుకున్న దేశం అది. గల్ఫ్ రాజ్యాల్లో ఎన్నికైన చట్టసభ అంత పాతది ఇంకెక్కడా లేదు. యాభై మంది ఎంపీలు. మంత్రి రాజకుటుంబం వాడైనా సరే సభలో నిలబెట్టి ప్రశ్నించే హక్కు వాళ్ళకుండేది. దాన్ని ఇస్తిజ్వాబ్ అంటారు. ఆ మాట పేపర్లో పడిందంటే మా ఆఫీసులో కువైటీలు పని ఆపేసి దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు. ఆడవాళ్ళకు 2005లో ఓటు హక్కు వచ్చింది, 2009లో నలుగురు గెలిచి సభలో కూర్చున్నారు. ఎన్నికలొస్తే అభ్యర్థులు పెద్ద పెద్ద టెంట్లు వేసి, కుర్చీలు పరిచి, భోజనాలు పెట్టి అర్ధరాత్రి దాకా ఉపన్యాసాలిచ్చేవాళ్ళు. 2011 నవంబరులో అవినీతి ఆరోపణల మీద కోపంతో జనం పార్లమెంటు భవనంలోకే చొచ్చుకుపోయారు. ఆ నెలాఖరుకి ప్రధానమంత్రి రాజీనామా చేశాడు. జనం పార్లమెంటులోకి చొరబడిన రాత్రి మా రూములో అందరం టెన్షన్‌గా ఉన్నాం. మా టెన్షన్ మాత్రం అకామాల గురించి, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్ల గురించి. గొడవలు పెరిగితే కంపెనీ మూతపడుతుందేమో, రెన్యువల్ ఆగిపోతుందేమో అని.

2024 మే 10న ఎమీర్ షేక్ మిషాల్ పార్లమెంటును రద్దు చేసి, రాజ్యాంగంలో కొన్ని అధికరణలను నాలుగేళ్ళకు మించకుండా పక్కన పెడుతున్నట్టు ప్రకటించాడు. ఇలా ఇదివరకు 1976లో, 1986లో కూడా జరిగింది. రెండుసార్లూ సభ తిరిగి వచ్చింది, మొదటిసారి 1981లో, రెండోసారి ఇరాక్ ఆక్రమణ ముగిశాక 1992లో. అది ఊరికే రాలేదు. కువైటీలు దివానియాల్లో, అంటే ఇళ్ళలో మగవాళ్ళు సాయంత్రాలు కూర్చుని మాట్లాడుకునే గదుల్లో, వారం వారం సమావేశాలు పెట్టుకుని అడిగి అడిగి సాధించుకున్నారు.

ఇవన్నీ మా బావకు తెలియవని కాదు. ఆ టెంట్లకు తన కఫీల్‌ని, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని, తీసుకెళ్ళి బయట కారులో గంటలు గంటలు కాచుకున్నవాడు తను. కానీ లోపల ఏం మాట్లాడుతున్నారో తనకు అక్కర్లేదు, ఎందుకంటే ఆ ఓటు తనది కాదు. కువైట్‌లో ఉండేవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది మనలాంటి పరాయి దేశస్తులే. మనం అరబ్బుని యజమానిగా, కఫీల్‌గా, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్నవాడిగా చూశాం. ఆ కిటికీలోంచి చూసి ఒక జాతి మొత్తానికి ఏది సరిపడుతుందో చెప్పడం న్యాయం కాదు. కైరోలో, ట్యూనిస్‌లో, ఖార్టూమ్‌లో మనలాగే జీతం చాలని మనిషిని మనం చూడలేదు.

నేను ఒకడిని చూశాను. మా ఆఫీసులో పక్క బల్ల దగ్గర ఒక ఈజిప్టు అకౌంటెంట్ ఉండేవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. 2011 ఫిబ్రవరి 11న, పద్దెనిమిది రోజుల నిరసన తర్వాత ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ దిగిపోయినట్టు టీవీలో చెప్పినప్పుడు ఆయన ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. కైరోలోని తహ్రీర్ కూడలిలో జనం ఇచ్చిన నినాదం ఆయనే నాకు విడమరిచి చెప్పాడు: అయిష్, హుర్రియా, అదాలా ఇజ్తిమాయియా. రొట్టె, స్వేచ్ఛ, సామాజిక న్యాయం. మిగతా అరబ్బులు రొట్టెని ఖుబ్జ్ అంటారట, ఈజిప్టు వాళ్ళు మాత్రం అయిష్ అంటారు. ఆ మాటకు అసలు అర్థం బతుకు. మనం అన్నాన్ని పరబ్రహ్మ అన్నట్టే ఉంది కదా అన్నాను. ఆయనకు అది చాలా నచ్చింది.

రెండున్నరేళ్ళు తిరగకముందే, 2013 జూలై 3న, ఎన్నికైన అధ్యక్షుడు ముర్సీని సైన్యాధిపతి జనరల్ సిసి దించేస్తే, అదే మనిషి సంతోషపడ్డాడు. "దేశం నిలబడాలి గదా ముందు" అన్నాడు. నాకు అప్పుడు ఆయన మీద కోపం వచ్చింది. నెల తర్వాత, ఆగస్టు 14న, కైరోలో రబా కూడలి దగ్గర ముర్సీ మద్దతుదారుల మీద కాల్పులు జరిగాయి. ఎనిమిది వందల మందికి పైగా చనిపోయారు. ఆ రోజు ఆయన ఆఫీసుకు రాలేదు. ఆ తర్వాత నేను అక్కడున్నంత కాలం మేమిద్దరం రాజకీయం మాట్లాడుకోలేదు.

ఈజిప్టు కథ మొదటి నుంచీ బరువైనదే. అక్కడి సైన్యానికి సిమెంటు కంపెనీలు, పాస్తా ఫ్యాక్టరీలు, నీళ్ళ బాటిళ్ళ ప్లాంట్లు, రోడ్డు కాంట్రాక్టులు ఉన్నాయి. అంత వ్యాపారం చేతిలో ఉన్న సైన్యం ఓటర్లకు లెక్క చెప్పడానికి ఎందుకు ఒప్పుకుంటుంది? సిసి అధికారం పట్టిన కొద్ది రోజుల్లోనే సౌదీ, యూఏఈ, కువైట్ కలిసి 1,200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాయి. బహ్రెయిన్‌లో 2011లో జనం పెర్ల్ రౌండబౌట్ దగ్గర కూర్చుంటే సౌదీ సైనికులు వంతెన దాటి వచ్చారు, నాలుగు రోజులకే ఆ కూడలిలోని స్తూపాన్ని కూడా కూలగొట్టారు. ఇంత డబ్బు, ఇన్ని తుపాకులు ఒక పక్కన మోహరించాక ఓడిపోయిన జనాన్ని చూసి వాళ్ళకే చేతకాదంటే ఎలా?

అయితే ట్యునీషియా దగ్గర నా వాదన ఇంత సులభంగా సాగదు. అక్కడ సైన్యం చిన్నది, దానికి వ్యాపారాలు లేవు. పొరుగు రాజుల సైనికులు రాలేదు. 2011లో మొదలైన వాటిలో నిజంగా ప్రజాస్వామ్యం దాకా చేరిన దేశం అదొక్కటే. అలాంటిది కూడా పదేళ్ళకు చేజారింది. అందుకే మిగతావాటి కంటే దాని గురించే నేను ఎక్కువ చదివాను, ఎక్కువ బాధపడ్డాను.

ఆ దేశం పటం చూస్తే సగం కథ అర్థమవుతుంది. సముద్రం ఒడ్డున ట్యూనిస్, సూస్, స్ఫాక్స్. హోటళ్ళు, ఫ్యాక్టరీలు, ఓడరేవులు అక్కడే. లోపలికి పోతే పొలాలు, ఫాస్ఫేట్ గనులు, డిగ్రీ చేతిలో పెట్టుకుని ఖాళీగా తిరిగే కుర్రాళ్ళు. సిదీ బూజీద్ అలాంటి లోపలి ఊరు. 2010 డిసెంబరు 17న మొహమ్మద్ బువజీజీ అనే 26 ఏళ్ళ పండ్ల బండి కుర్రాడి సరుకు, తక్కెడ అధికారులు లాక్కున్నారు. గవర్నర్ ఆఫీసుకు వెళితే వినేవాడు లేడు. ఆ ఆఫీసు ముందే ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. జనవరి 4న చనిపోయాడు, పది రోజుల తర్వాత, 23 ఏళ్ళు ఏలిన అధ్యక్షుడు బెన్ అలీ విమానమెక్కి సౌదీకి పారిపోయాడు.

ఒక్కడి చావుతో ఒక ప్రభుత్వం పడిపోయిందని చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ నాలుగు వారాల్లో కుర్రాళ్ళకు తలదాచుకునే చోటు, మైకు, కలిసి నడిచే మనుషులు దొరికింది కార్మిక సంఘం ఆఫీసుల్లో. యూజీటీటీ అనే ఆ సంఘం 1946 నాటిది, దేశానికి స్వాతంత్ర్యం రాకముందే పుట్టింది. ప్రతి జిల్లాలో దానికి ఒక ఆఫీసు, మనుషులు, సభ్యత్వాల పుస్తకం ఉన్నాయి. ఈజిప్టులో అలాంటిది లేదు, లిబియాలో గద్దాఫీ ఏ సంఘాన్నీ మిగల్చలేదు.

2013లో ఆ సంఘమే మళ్ళీ దేశాన్ని కాపాడింది. ఆ ఏడాది ఇద్దరు వామపక్ష నాయకుల్ని, ఫిబ్రవరిలో షుక్రీ బెలయీద్‌ని, జూలైలో మొహమ్మద్ బ్రాహ్మీని కాల్చి చంపారు. రాజ్యాంగం రాస్తున్న సభ ఆగిపోయింది. పక్కన ఈజిప్టులో సైన్యం దిగిన రోజులవి. అందరూ ట్యునీషియా కూడా అదే దారి పడుతుందనుకున్నారు. అప్పుడు కార్మిక సంఘం, యజమానుల సంఘం, మానవ హక్కుల లీగ్, లాయర్ల సంఘం నాలుగూ కలిసి పార్టీలన్నింటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాయి. సమ్మెలు చేసేవాళ్ళు, సమ్మెలకు గురయ్యేవాళ్ళు ఒకే వైపు కూర్చున్నారు. ఎన్నికల్లో మొదటి స్థానంలో వచ్చిన ఇస్లామిక్ పార్టీ ఎన్నహదా చివరికి ప్రభుత్వాన్ని వదులుకుని దిగిపోయింది. 2014 జనవరి 26న సభలో 216 ఓట్లలో 200 ఓట్లతో కొత్త రాజ్యాంగం నెగ్గింది. ఆ నాలుగు సంఘాలకు 2015లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అరబ్బులకు సర్దుకుపోవడం రాదు అనేవాళ్ళు ఈ ఒక్క ఏడాది గురించి చదవాలి.

ఆ రాజ్యాంగంలో ఒక రాజ్యాంగ కోర్టు ఉంది, చట్టాలూ పాలకుల పనులూ రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో తేల్చేది. పన్నెండు మంది సభ్యులు. నలుగురిని పార్లమెంటు, నలుగురిని జడ్జిల వ్యవహారాలు చూసే న్యాయమండలి, నలుగురిని అధ్యక్షుడు ఎంపిక చేయాలి. ఎన్నికలైన ఏడాది లోపల అది ఏర్పడాలని రాసుకున్నారు. పార్లమెంటు తన నలుగురిని ఎన్నుకోవాలంటే ఒక్కొక్కరికి మూడింట రెండు వంతులు, అంటే 145 ఓట్లు రావాలి. ఎంత మంచి నియమం! ఏ ఒక్క పార్టీ తన మనిషిని కూర్చోబెట్టుకోలేదు, ఇరుపక్షాలకూ నమ్మకమున్నవాడే జడ్జి అవుతాడు అన్నది దాని ఉద్దేశం.

ఏడేళ్ళలో పార్లమెంటు ఆ 145 ఓట్లు ఇవ్వగలిగింది ఒకే ఒక్క పేరుకు, 2018లో. ఎన్నహదా చెప్పిన పేరు మతవాది అని సెక్యులర్ పార్టీలు, ఆ పార్టీలు చెప్పిన పేరు మతద్వేషి అని ఎన్నహదా. ఓటింగ్ పెట్టడం, ఎవరికీ చాలకపోవడం, వాయిదా వేయడం. ప్రతిసారీ అది పెద్ద వార్త కూడా కాలేదు. అప్పుడు దేశానికి వేరే కష్టాలున్నాయి. 2015 మార్చిలో బార్దో మ్యూజియంలో, జూన్‌లో సూస్ బీచ్‌లో టెర్రరిస్టులు టూరిస్టులను చంపారు. హోటళ్ళు ఖాళీ అయ్యాయి, దినార్ విలువ పడిపోయింది, ఐఎంఎఫ్ అప్పు వచ్చింది, దాని వెంట షరతులు వచ్చాయి. ఇంటి ఖర్చుకే దిక్కు లేనప్పుడు కోర్టు సీట్లు ఎవరికి గుర్తుంటాయి?

2019లో ఖైస్ సయీద్ అధ్యక్షుడిగా గెలిచాడు. రాజకీయ పార్టీ లేదు, డబ్బు లేదు, రాజ్యాంగ న్యాయశాస్త్రం పాఠాలు చెప్పిన లెక్చరర్. పార్టీలన్నింటి మీద విసిగిపోయిన కుర్రాళ్ళు ఆయనకు 72 శాతానికి పైగా ఓట్లు వేశారు. 2021 మార్చిలో పార్లమెంటు ఎట్టకేలకు మేలుకుని, ఆ జడ్జిల ఎంపికకు కావాల్సిన ఓట్ల సంఖ్య తగ్గిస్తూ సవరణ చేసింది. రాజ్యాంగం ఇచ్చిన గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి ఇది చెల్లదంటూ సయీద్ సంతకం పెట్టలేదు. ఆ సవరణ జరిగిన నాలుగు నెలలకు, జూలై 25 రాత్రి, రాజ్యాంగంలోని 80వ అధికరణ పేరు చెప్పి ప్రధానమంత్రిని తొలగించాడు, పార్లమెంటును స్తంభింపజేశాడు. స్పీకర్, ఎన్నహదా నాయకుడు, ఎనభై ఏళ్ళ రాషెద్ ఘన్నూషీ ఆ రాత్రి పార్లమెంటుకు వెళితే గేటు దగ్గర సైనికులు లోపలికి రానివ్వలేదు. కారులోనే కూర్చుండిపోయాడు.

ఆ 80వ అధికరణలో ఏముందో మా బావకు మంచం మీద కూర్చుని వివరంగా చెప్పాను. దేశానికి ప్రమాదం ముంచుకొస్తే అధ్యక్షుడు అసాధారణ చర్యలు తీసుకోవచ్చు, కానీ ఆ సమయమంతా పార్లమెంటు సమావేశంలోనే ఉండాలి. ముప్పై రోజులయ్యాక స్పీకరు గానీ, ముప్పై మంది సభ్యులు గానీ రాజ్యాంగ కోర్టుకు వెళ్ళి ఈ ప్రమాదం ఇంకా ఉందా లేదా అని అడగవచ్చు.

"ఆ కోర్టు ఉంటే ఆపేదా?" అన్నాడు బావ.

"ఆపేదని గట్టిగా చెప్పలేను బావా. వెళ్ళి అడగడానికి ఒక చోటైనా ఉండేది."

ఆ రాత్రి ట్యూనిస్ వీధుల్లో జనం కార్ల హారన్లు కొట్టి సంబరం చేసుకున్నారు. వాళ్ళను తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. కోవిడ్ ఉధృతంగా ఉన్న రోజులవి, ఆస్పత్రుల్లో ఆక్సిజన్ లేదు, పార్లమెంటులో రోజూ కొట్లాటలు. పదేళ్ళలో ఇన్ని ప్రభుత్వాలు మారినా సిదీ బూజీద్ కుర్రాడికి ఉద్యోగం రాలేదు. ఓటు వచ్చింది, మాట్లాడే స్వేచ్ఛ వచ్చింది, అయిష్ రాలేదు. కువైట్‌లో నా పక్కన కూర్చున్న ఈజిప్టు అకౌంటెంట్ గుర్తొచ్చాడు. ఆయన మీద పెట్టుకున్న కోపం నాకు చాలావరకు పోయింది.

సంబరం తర్వాత జరిగినవి త్వరగా చెప్పేస్తాను. 2022 ఫిబ్రవరిలో న్యాయమండలి రద్దు. జూన్‌లో ఒక్క దెబ్బకు 57 మంది జడ్జిల తొలగింపు. జూలైలో కొత్త రాజ్యాంగం మీద రెఫరెండం, ఓటేసింది సుమారు 30 శాతం. డిసెంబరులో పార్లమెంటు ఎన్నికలు, ఓటేసింది 11 శాతం. 2023 ఏప్రిల్‌లో ఘన్నూషీ అరెస్టు. 2024 అధ్యక్ష ఎన్నికల్లో ముగ్గురు అభ్యర్థులను పోటీలోకి తీసుకోమని పరిపాలనా కోర్టు తీర్పు ఇస్తే ఎన్నికల సంఘం వినలేదు. పోలింగుకు తొమ్మిది రోజుల ముందు పార్లమెంటు చట్టం మార్చి ఆ కోర్టుకు ఎన్నికల మీద ఉన్న అధికారమే తీసేసింది. సయీద్‌కు 90 శాతం ఓట్లు. ఓటేయడానికి వచ్చినవాళ్ళు 29 శాతం లోపు. 2025 ఏప్రిల్‌లో ప్రతిపక్ష నాయకులకు, లాయర్లకు కుట్ర కేసులో 66 ఏళ్ళ దాకా జైలు శిక్షలు. సయీద్ రాసిన రాజ్యాంగంలో కూడా ఒక రాజ్యాంగ కోర్టు ఉంది, తొమ్మిది మందితో. 2024 ఎన్నికల నాటికి అదీ ఏర్పడలేదు.

కోర్టు ఉన్నంత మాత్రాన అన్నీ సరిపోతాయా అని నన్ను నేనే అడుగుతుంటాను. ఈజిప్టులో రాజ్యాంగ కోర్టు ఉంది. ముబారక్ కాలం నాటి జడ్జిలతో నిండిన ఆ కోర్టే 2012 జూన్‌లో, ఎన్నికైన ఆరు నెలలకే, పార్లమెంటు చెల్లదని తీర్పునిచ్చింది. దానికి మండిపడ్డ ముర్సీ ఆ నవంబరులో తన ఉత్తర్వులను ఏ కోర్టూ ప్రశ్నించకూడదని ప్రకటించి తన గొయ్యి తానే తవ్వుకున్నాడు. మన దగ్గర మాత్రం? ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్‌లో, అక్రమంగా జైల్లో పెట్టినా కోర్టుకు వచ్చి అడిగే హక్కు లేదని మన సుప్రీంకోర్టు చెప్పింది. అయిదుగురిలో జస్టిస్ ఖన్నా ఒక్కడే కాదన్నాడు.

ఇక్కడ మన తెలుగువాళ్ళం ఒకటి గుర్తు చేసుకోవాలి. 1977లో ఉత్తర భారతమంతా ఎమర్జెన్సీకి వ్యతిరేకంగా ఓటేసి ఇందిరా గాంధీనే ఓడించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కు ఇచ్చాం మనం. జనతా పార్టీకి వచ్చింది నంద్యాల ఒక్కటే, నీలం సంజీవరెడ్డి గెలిచాడు. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఉత్తరాదిలో జరిగిన బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, కూల్చివేతలు ఇక్కడ అంతగా తగల్లేదు. అది చూపించి తెలుగు జాతికి ప్రజాస్వామ్యం పనికిరాదు, వీళ్ళకు గట్టి పాలకుడే కరెక్టు అని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా? ఆరేళ్ళు తిరగకుండానే, 1983 జనవరిలో, అదే కాంగ్రెస్‌ను ఇదే జనం రాష్ట్రంలో గద్దె దించారు. మనకు ఆ ఇంకో ఎన్నిక దొరికింది. ఈజిప్టు ఓటరుకు, ట్యునీషియా ఓటరుకు అది దొరకలేదు.

అందుకే జనం స్వభావం గురించిన చర్చ నాకు పనికిమాలినదిగా అనిపిస్తుంది. సూడాన్‌లో 2018 డిసెంబరులో రొట్టె ధర మూడింతలైతే అత్బారా పట్టణంలో మొదలైన నిరసన, నాలుగు నెలల్లో అధ్యక్షుడు బషీర్ ముప్పై ఏళ్ళ పాలనను పడగొట్టింది. 2019 జూన్‌లో రాజధాని ఖార్టూమ్‌లో భద్రతా బలగాలు ఊచకోత కోసినా జనం వెనక్కి తగ్గలేదు. 2021లో ఇద్దరు జనరళ్ళు కలిసి అధికారం లాక్కున్నారు, 2023 ఏప్రిల్‌లో ఆ ఇద్దరే ఒకరి మీద ఒకరు యుద్ధానికి దిగి దేశాన్ని బూడిద చేశారు. అల్జీరియాలో 2019లో శుక్రవారం శుక్రవారం లక్షల మంది నడిచి అధ్యక్షుడు బుతెఫ్లికాను దించారు. 2011లో పక్క దేశాల్లో ఎంత రక్తం పారిందో కళ్ళారా చూసిన తర్వాత కూడా వీళ్ళు వీధిలోకి వచ్చారు. కోరిక లేనివాళ్ళు చేసే పని కాదిది.

కొరవడినది దిగిపొమ్మన్న తర్వాతి రోజుకు కావలసిన సరంజామా. గెలిచినవాడు, ఓడినవాడు ఇద్దరూ ఒప్పుకునే జడ్జి. బ్యారక్‌లు దాటి వ్యాపారం చేయని సైన్యం. ట్యునీషియా కార్మిక సంఘంలా ఊరూరా పాతుకున్న సంస్థ. ఇవి ఒక్క నియంత పారిపోయినంత మాత్రాన మొలకెత్తేవి కావు, ఒక్కోటీ కట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో జనం కడుపు నిండకపోతే కట్టినదాన్ని కాపాడటానికి ఎవరూ రారు. నాకు ఎక్కువ భయం కలిగించేది ఇదే. దాన్ని దాటే దారి ఏ అరబ్బు దేశంలోనూ ఇంతవరకు నాకు కనపడలేదు.

ఇప్పుడు నేను రోజూ చూసేది సిరియా వార్తలు. 2024 డిసెంబరు 8న అధ్యక్షుడు అసద్ మాస్కోకు పారిపోయాడు. అసద్ ప్రభుత్వం ఖైదీలను హింసించిన సెద్‌నాయా జైలు తలుపులు పగలగొడుతుంటే ఆ వీడియోలు రాత్రంతా చూశాను. 2025 మార్చిలో కొత్త అధ్యక్షుడు అహ్మద్ అల్ షరా అయిదేళ్ళ మధ్యకాలానికి ఒక రాజ్యాంగ ప్రకటన మీద సంతకం పెట్టాడు. అది చేతికి రాగానే నేను ముందు వెతికింది కోర్టు గురించి. రాజ్యాంగ కోర్టు ఉంది, ఏడుగురు సభ్యులు. ఏడుగురినీ నియమించేది అధ్యక్షుడే. అక్టోబరులో 210 మంది సభకు ఎంపికలు జరిగాయి, జనం నేరుగా ఓటేయలేదు. మూడింట రెండు వంతుల మందిని, ముందే ఏర్పరచిన ఓటర్ల బృందాలు ఎన్నుకున్నాయి, మిగతా మూడో వంతు మళ్ళీ అధ్యక్షుడి చేతిలోనే.

యుద్ధంలో చితికిపోయి, ఊళ్ళకు ఊళ్ళు వలసపోయిన దేశంలో వెంటనే ఓటర్ల జాబితా తయారు కాదన్నది నిజమే, ఆ మాట నేను కాదనను. కానీ జడ్జిల్ని ఎంపిక చేయడానికి ఓటర్ల జాబితా అక్కర్లేదు. 2011 మొదట్లో దరా పట్టణంలో బడి గోడ మీద ప్రభుత్వం దిగిపోవాలని రాసినందుకు పోలీసులు పట్టుకెళ్ళి హింసించిన పిల్లలకు ఇప్పుడు ముప్పై అటూ ఇటూ వయసుంటుంది. తమ దేశంలో ఎవరు పాలించాలో చెప్పే నిజమైన ఓటు వాళ్ళు ఇంకా ఒక్కసారి కూడా వేయలేదు.